క్లచ్ మీద ఇంకో కాలు

మూడోసారి కూడా ఇంజను ఆగిపోయేసరికి పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీశాడు.

"హ్యాండ్‌బ్రేకు వెయ్యండమ్మా," అన్నాడు. కోపం లేదు, విసుగూ లేదు. పొద్దుటినుంచి పదిమందితో అన్న మాటే పదకొండో మనిషితో అన్నాడు, అంతే. "ఎత్తు మీద బండి కదిలించడం రాలేదు. వారం తర్వాత మళ్ళీ రండి."

నర్సమ్మ స్టీరింగు వదల్లేదు. బండి వెనక్కి జారకుండా బ్రేకు మీద అదిమిపెట్టిన కాలూ తియ్యలేదు. పద్నాలుగేళ్ళుగా వార్డులో ఎముక కనబడే పుండ్లు కడిగి కట్టు కట్టిన మనిషి. డాక్టర్లు మొహం తిప్పుకున్న చోట కూడా చెయ్యి వణకని మనిషి. అలాంటిది ఇవాళ అరచేతి పాటి ఇనపముక్క ముందు పరువు పోగొట్టుకుంది.

"ఇరవై రెండు క్లాసులు చేశానండీ. ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఇంజను ఆగలేదు," అంది.

"అందరూ అలాగే అంటారమ్మా," అని ఆయన కాగితం చించి చేతికిచ్చి దిగిపోయాడు.

అందరూ అంటే అంటారేమో గానీ, నర్సమ్మ చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. డ్రైవింగ్ స్కూల్లో ఆమె గేరు మారిస్తే గ్లాసులో నీళ్ళు తొణకవని పేరు. క్లచ్ నొక్కితే వెన్నలో వేలు దిగినట్టు దిగేది. వదిలితే పెడలు ఎంత నెమ్మదిగా రావాలో అంత నెమ్మదిగా, తనకు తానే పైకొచ్చేది. బండి చిన్న కుదుపైనా లేకుండా కదిలేది. ఆ క్లచ్ ఇవాళ పరీక్ష మైదానంలో ఎందుకో మొరాయించింది. నొక్కుదామంటే పిక్క పట్టేసేంత బరువు. వదులుదామంటే ఎక్కడ వదలాలో అంతు చిక్కదు.

పోనీ సరదాకి నేర్చుకుంటున్న కారా అంటే, అదీ కాదు. ఆమె వార్డులో నెల రోజులు కిందామీదా పడి మాన్పిన పుండు, ఇంటికెళ్ళిన పదిహేను రోజులకు మళ్ళీ కుళ్ళి తిరిగొచ్చేది. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని ఇంట్లో ఎవరికీ తెలియదు, కట్టు మార్చడం అసలే రాదు. అదే ముసలాయన, అదే నడుము, అదే పుండు. చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండిపోయేది. చివరికి ఆసుపత్రివాళ్ళే ఇళ్ళకు వెళ్ళి చూసే విభాగం ఒకటి పెట్టారు. ఒక నర్సు, ఒక పెట్టె, చేత్తో గేర్లు మార్చాల్సిన ఒక పాత తెల్ల కారు. ఇంతే విభాగం. ఆ ఉద్యోగానికి జాబితాలో మొదటి పేరు నర్సమ్మది.

"నీకు పని వచ్చని నాకు తెలుసు," అంది పెద్ద సిస్టరు. "నెలాఖరుకి లైసెన్సు నా బల్ల మీద ఉండాలి. లేదా జాబితాలో రెండో పిల్లకిచ్చేస్తా. ఆ పిల్లకి లైసెన్సుంది. కట్టు కట్టడం అంతంతమాత్రమే అనుకో, నేర్చుకుంటుందిలే."

నేర్చుకుంటుందట! ఎవరి నడుం మీద నేర్చుకుంటుందో ఆ మహాతల్లి చెప్పలేదు. నెలాఖరు ఇక ఎనిమిది రోజులుంది.

నేర్పమని ఆమె మొదట అడిగింది అన్నయ్యనే. ఆయన బస్సు డిపోలో కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇస్తాడు. ఊరంతా గేర్ల మాష్టారంటారు. అమ్మానాన్నా పోయాక తొమ్మిదేళ్ళ చెల్లెల్ని పెంచి, చదివించి, నర్సును చేసింది ఆయనే. అది కాదనడానికి వీల్లేదు, ఆమె ఎప్పుడూ కాదనలేదు కూడా. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా ఆమెను "పాపా" అనే పిలుస్తాడు. కారు మాటెత్తితే మాత్రం నవ్వేశాడు.

"అన్నాచెల్లెళ్ళు ఒక కారెక్కితే దిగేటప్పటికి మాటలుండవు పాపా. నా శిష్యుడొకడు స్కూలు పెట్టుకున్నాడు, వాడి దగ్గర నేర్చుకో. నిన్ను కళ్ళలో పెట్టుకు చూసుకుంటాడు."

మొగుణ్ణి అడిగే పనే లేదు. ఆయన టైలరు. కుట్టుమిషను చక్రం తప్ప మరో చక్రం ముట్టుకోడు.

ఆ శిష్యుడు పరీక్ష మైదానం గేటు దగ్గర షెడ్డు కింద నిలబడి ఉన్నాడు. నర్సమ్మ మొహం చూడగానే అతని మొహం మాడిపోయింది.

"తప్పిందా అక్కా?"

"నీ క్లచ్‌కి ఏదో రోగమొచ్చింది. ఎక్కు, నేనే నడుపుతా. నువ్వే చూద్దువుగాని."

అతను తటపటాయిస్తూ పక్క సీట్లో కూర్చున్నాడు. నేర్పే బండి కాబట్టి అటువైపు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉన్నాయి. నర్సమ్మ తాళం తిప్పి, క్లచ్ నొక్కి, మొదటి గేరు వేసింది. క్లచ్ వెన్నలా దిగింది. బండి పెళ్ళికూతురు నడిచినట్టు కదిలింది. రెండో గేరు, మూడో గేరు, ఎక్కడా చిన్న చప్పుడు లేదు. రోగం ఎటుపోయిందో ఆమెకు అర్థం కాలేదు.

నాలుగురోడ్ల కూడలిలో ఎర్రదీపం పడింది. ఆగింది. ఊరికే కిందికి చూసుకుంది. ఆమె కాలి కింద క్లచ్ రబ్బరు కొత్త చెప్పులా గీతలు గీతలుగా ఉంది. అటువైపు క్లచ్ రబ్బరు అరిగి అరిగి ఇనుము తేలింది. ఆ ఇనుము మీద శిష్యుడి బూటు పెట్టి ఉంది.

పచ్చదీపం పడింది. నర్సమ్మ కదల్లేదు.

"కాలు తియ్," అంది.

"అక్కా, వెనక బళ్ళు..."

"కాలు తీసి సీటు మీద పెట్టు. రెండూ."

అతను కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. నర్సమ్మ క్లచ్ నొక్కింది. పిక్క పట్టేసేంత బరువు. వదిలింది. బండి ఎగిరిపడి ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

మళ్ళీ తాళం తిప్పి, "ఇప్పుడు పెట్టు," అంది.

అతను కాలు పెట్టాడు. బండి హాయిగా కదిలింది. కూడలి దాటాక ఒక పక్కగా ఆపి, ఇంజను కట్టేసి, ఆమె అతని వైపు పూర్తిగా తిరిగింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళూ క్లచ్ నొక్కిందీ వదిలిందీ ఇతగాడు. ఆమె పాదం ఆ పెడలు మీద ప్రయాణికురాలిలా కూర్చుని ఊళ్ళు తిరిగింది.

"ఎన్ని రోజులనించి?"

"అందరికీ మొదటి వారం అలాగే చేస్తాం అక్కా. తర్వాత తీసేస్తాం."

"నాకు?"

"మీకు తియ్యలేదు."

"ఎందుకు తియ్యలేదు? నేనేం మొద్దునా?"

"అయ్యో, కాదక్కా! నాకు తియ్యాలనే ఉంది. మాష్టారు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. మా పాప బండి రోడ్డు మీద ఆగకూడదు, నీ కాలు క్లచ్ మీంచి తీశావంటే ఊరుకోను, అని. ఆయన మాట నేనెలా కాదంటాను చెప్పండి?"

"పరీక్షలో నీ కాలు ఉండదని ఆయనకి తెలీదా?"

తెలియకపోవడమేమిటి! ఈ ఊళ్ళో క్లచ్ సంగతి ఎవరికైనా తెలుసంటే ఆయనకే తెలియాలి.

నర్సమ్మ కారు తాళం అతని ఒళ్ళో పడేసి దిగింది. డిపో అక్కడికి పావుగంట నడక. ఆమె తొమ్మిది నిమిషాల్లో వెళ్ళింది.

డిపో వెనకవైపు ఖాళీ స్థలంలో ఒక బస్సు నిలబడి ఉంది. దాని చుట్టూ కొత్తగా చేరిన డ్రైవర్లు పాతికమంది దాకా ఉన్నారు. బస్సు ఒక్కసారి ముందుకు ఊగి, గుర్రుమని ఆగిపోయింది. అందరూ ఒక్క గొంతుతో "ఏడూ!" అని అరిచారు. మళ్ళీ ఇంజను మోగింది, మళ్ళీ ఊగి ఆగింది. "ఎనిమిదీ!" స్టీరింగు దగ్గరున్న బక్కపలచటి మనిషి పగలబడి నవ్వుతున్నాడు. వాళ్ళ మధ్యలో గేర్ల మాష్టారు చప్పట్లు కొడుతున్నాడు.

"భేష్! ఇంకో రెండు! ఆగితే ఏమైంది? బస్సు చచ్చిందా? నువ్వు చచ్చావా?"

ఇది మాష్టారి పద్ధతి. కొత్తవాడు మొదటి రోజు బండి నడపకూడదు, ఆపాలి. కావాలనే క్లచ్ వదిలేసి పదిసార్లు ఇంజను ఆపాలి. ఎంత పెద్ద బండైనా ఆగితే కొంపలు మునగవని ఒంటికి తెలియాలట. ఆ భయం పోయాకే కాలికి చెవులొస్తాయట, ఇంజను ఎక్కడ గొంతు మారుస్తుందో కాలు వింటుందట. ఇదంతా నర్సమ్మ చిన్నప్పటినుంచి అన్నం తింటూ విన్నదే. ఇంటిల్లిపాదీ నవ్వుతూ చెప్పుకున్న కథే. ఇవాళ కళ్ళారా చూసేసరికి ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"అన్నయ్యా, నా పది ఏవి?"

మాష్టారు తిరిగి చూసి చెయ్యెత్తాడు. "వచ్చావా పాపా! అయిందా పరీక్ష? ప్యాసేనా?"

"నా పది ఏవని అడుగుతున్నా. ముక్కూమొహం తెలీనివాళ్ళందరికీ ఇచ్చావే, పదేసి! దగ్గరుండి చప్పట్లు కొట్టి మరీ ఇచ్చావే! నాకు ఒక్కటి కూడా దక్కకుండా మనిషిని కాపలా పెట్టావా?"

చుట్టూ ఉన్నవాళ్ళ నవ్వు ఆగిపోయింది. బస్సులో మనిషి ఇంజను కట్టేశాడు. మాష్టారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఇంటికి పద, ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో నువ్వొక్కడివే మాట్లాడతావు. ఇక్కడ చెప్పు. మూడుసార్లు ఆగిపోయింది అక్కడ. ఆగితే ఏం చెయ్యాలో కూడా నాకు తెలీదు! ఇన్‌స్పెక్టరు చెబితేగానీ తాళం తిప్పాలని కూడా తోచలేదు. ఎందుకంటే ఎప్పుడూ ఆగనివ్వలేదు నువ్వు. నెలాఖరుకి ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది, తెలుసా నీకు?"

"పోతే పోనీవే. వార్డులో ఉద్యోగం ఉందిగా. ఎండనకా వాననకా రోడ్ల మీద తిరగాల్సిన ఖర్మ నీకేంటి?"

అదీ సంగతి. నర్సమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆయన మర్చిపోయి చేసిన పని కాదిది. పరీక్ష తప్పితే తప్పనీ అనుకునే చేశాడు. ఇరవై రెండు రోజులూ సాయంత్రం ఫోన్ చేసి "ఎలా నడుపుతున్నావు పాపా" అని అడిగి, "ఒక్కసారీ ఆగలేదన్నయ్యా" అని ఆమె మురిసిపోతుంటే విని, "శభాష్" అన్నాడు.

"తాళం ఇవ్వు. నీ కారు తాళం," అంది.

"ఇప్పుడా? ఇంత కోపంలోనా?"

"కోపం కాలికి అడ్డమేం కాదు. ఇవ్వు. నువ్వూ ఎక్కు, నీ కారేగా. నోరు తెరిచావో, చెయ్యి కదిపావో, అక్కడే దింపేస్తా."

పాతికమంది శిష్యుల ముందు మాష్టారు కుక్కిన పేనులా వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆయన కారులో ఒక్క క్లచ్చే ఉంది. ఆ సంగతి ఆయనకు ఆ నిమిషంలో గుర్తొచ్చినట్టుంది, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

డిపో స్థలంలోనే నర్సమ్మ ఆరుసార్లు బండి ఆపింది. కావాలని కాదు, రాక ఆపింది. ఎవరూ లెక్కపెట్టలేదు, ఆమే పైకి లెక్కపెట్టుకుంది. ఏడోసారి, క్లచ్ పైకొస్తూ ఉండగా ఇంజను మోత కాస్త కిందికి దిగింది, బండి ముక్కు రవ్వంత లేచింది. అక్కడే కాలు ఆపింది. బండి వణుకుతూ నిలబడింది. ఇన్నాళ్ళూ ఇంకొకడు దాచిపెట్టుకున్న జాగా ఇదేనన్నమాట! ఆమె అక్కణ్ణించి వీసమెత్తు వీసమెత్తు వదిలింది. కారు గేటు దాటింది.

రైలు వంతెన ఎక్కేచోట బళ్ళు బారు కట్టి ఉన్నాయి. సరిగ్గా ఎత్తు మధ్యలో ఆగాల్సొచ్చింది. ముందు బండి కదిలింది. నర్సమ్మ క్లచ్ వదిలింది, ఇంజను ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ ఆగింది. వెనక లారీ చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది. కారు జానెడు వెనక్కి జారింది. మాష్టారి చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదికి పోయింది. నర్సమ్మ ఆ చేతి మీద చెళ్ళున ఒక్కటేసి, తనే బ్రేకు లాగింది.

లారీ డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏమ్మా! వంటింట్లో గరిటె తిప్పుకోక ఎందుకొచ్చిన బళ్ళు నీకు? మొగుడు లేడా ఇంట్లో?"

మాష్టారు సీట్లో కుంచించుకుపోయాడు. నర్సమ్మ ఆయన్ని చూసింది. ఆయన మొహంలో కోపం లేదు. తేలుకుట్టిన దొంగ మొహం అది.

"ఈ మాట నీకు తెలుసు కదూ?"

హారన్ మోగుతూనే ఉంది. "నేనూ అన్నానే పాపా," అన్నాడు. "బస్సు నడిపినన్నాళ్ళూ అన్నాను. ముందు ఆడమనిషి బండి ఆగితే చాలు, తల బయటపెట్టి... ఇంతకన్నా పెద్ద మాటలే అన్నాను. బస్సంతా నవ్వేది. నిన్నెవడైనా అలా అంటే..."

నర్సమ్మకు ఆ క్షణాన ఆయన చొక్కా పట్టుకుని కుదిపేయాలనిపించింది.

"ఇంతేనా?" అంది. "ఈ మాత్రం కూతకేనా? వార్డులో రోజూ తాగి పడిపోయినవాళ్ళు దీనికి వందరెట్లు తిడతారు నన్ను. తిట్టించుకుంటూనే కట్టు కడతాను. నువ్వు ఊరందరి చెల్లెళ్ళనీ తిట్టావు, నీ చెల్లెల్ని మాత్రం గాజుపెట్టెలో పెట్టావు. పైగా దానికి ప్రేమని పేరు!"

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "నేర్చుకుంటున్నా! తొందరైతే ఎగిరిపో!" అని లారీవాడికి వినబడేలా అరిచింది. తల లోపలికి తెచ్చి, న్యూట్రల్ చేసి, తాళం తిప్పి, మొదటి గేరు వేసింది. ఇంజను గొంతు దిగేదాకా క్లచ్ వదిలి, అక్కడ పట్టి ఉంచి, కుడికాలితో యాక్సిలరేటరు కాస్త నొక్కి, అప్పుడు హ్యాండ్‌బ్రేకు దించింది. కారు ఒక్క అంగుళం కూడా వెనక్కి పోకుండా వంతెనెక్కింది. పైకి చేరాక రెండో గేరు వేసింది. మాష్టారు కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమె చూడనట్టు ఊరుకుంది. జాలి పడితే కోపం తగ్గుతుందేమోనని ఆమె భయం.

ఆ వారమంతా పొద్దున్నే అన్నయ్య ఇంటికెళ్ళి కారు తాళం తీసుకునేది. అన్నయ్యతో మాటల్లేవు. తాళం వదిన తెచ్చి ఇచ్చేది.

"ఆయన పక్కనుంటే కుర్చీ కూడా సరిగ్గా జరపలేమమ్మా. నువ్వు వెళ్ళిరా," అంది వదిన. "నాకు పెళ్ళైన కొత్తలో నేర్పుతానన్నారు. ఇంకా కొత్తేనేమో."

నెలాఖరుకు ముందు రోజు మళ్ళీ పరీక్ష. అదే ఇన్‌స్పెక్టరు, అదే ఎత్తు. శిష్యుడు షెడ్డు కింద, తన రెండు కాళ్ళూ ఆమెకు కనబడేంత దూరంలో నిలబడ్డాడు. ఎత్తు మీద ఇంజను ఒకసారి ఆగింది. ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీశాడు. నర్సమ్మ హ్యాండ్‌బ్రేకు లాగి, న్యూట్రల్ చేసి, తాళం తిప్పి, గేరు వేసి, పైకి ఎక్కించింది. ఆయన పెన్ను మూత పెట్టేసి, దిగువకు రెండో గేరులో దింపమన్నాడు. దింపింది.

లైసెన్సు పెద్ద సిస్టరు బల్ల మీద పెట్టినప్పుడు ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, "ఫోటోలో ఇంత కోపంగా ఉన్నావేంటి?" అంది.

మొదటి రోజు ఉదయం ఆసుపత్రి గేటు దగ్గర తెల్ల కారులోకి ఆమె సామాను ఎక్కిస్తుంటే మాష్టారు వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు.

"మొదటి రోజు కదా. పక్కన కూర్చుంటా. నోరు మెదపను."

"పక్క సీట్లో డ్రెస్సింగు పెట్టె ఉంది."

"పోనీ వెనక?"

"వెనక గాలిపరుపు ఉంది. ముసలాయన నడుము కింద వెయ్యాలి."

ఆయన తలూపాడు. కాసేపు కారు టైర్ల వంక చూస్తూ నిలబడి, "తప్పయింది పాపా," అన్నాడు.

"తప్పే," అంది నర్సమ్మ. పరవాలేదని అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది, మింగేసింది. పరవా ఉంది మరి.

ఆమె కూర్చుని తాళం తిప్పింది. క్లచ్ నొక్కి మొదటి గేరు వేసి, అద్దంలో చూసి, పక్కకు చూసింది. గేటు పక్కన అన్నయ్య ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు. ఎడమ మోకాలు వంగి ఉంది. మడమ లేచి, మునివేళ్ళు నేలను గట్టిగా అదిమి ఉన్నాయి.

నర్సమ్మ కిటికీ అద్దం దించింది.

"కాలు తియ్, అన్నయ్యా."

మాష్టారు కిందికి చూసుకున్నాడు. ఆయన కాలు తీసేదాకా ఆమె క్లచ్ వదల్లేదు.